ఎవరికి దగ్గర దారి? కిల్కెన్నీ నుంచి ఒక నోట్‌బుక్ పాఠం

(మహాసభల సాంకేతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో పాటల పోటీలు జరుగుతున్నాయి. అవి వదులుకుని కంప్యూటరు పాఠానికి వచ్చారంటే, మీకు ఈ విషయం మీద ఆసక్తి అయినా ఉండాలి, అక్కడ కుర్చీలు దొరకకపోయి అయినా ఉండాలి. ఏదైనా నాకు సంతోషమే.

నేను ఉండేది ఐర్లండులోని కిల్కెన్నీలో. డబ్లిన్‌కు నైరుతి దిక్కున, నోర్ నది ఒడ్డున ఉన్న ఊరు. 1609లోనే నగర హోదా వచ్చింది. 2022 జనాభా లెక్కల్లో మాత్రం దాదాపు 27 వేల మంది. మన లెక్కలో ఒక మోస్తరు మండల కేంద్రం. ఊరికి ఒక చివర కోట, మరో చివర సెయింట్ కానిస్ కెథీడ్రల్, మధ్యలో పాతకాలపు సందులు. ఆసుపత్రిలోనూ, కంప్యూటర్ల ముందూ పనిచేసే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. శనివారం మధ్యాహ్నాలు పిల్లలను కూర్చోబెట్టి కాసేపు తెలుగు, కాసేపు కంప్యూటరు చెబుతూ ఉంటాను. ఈరోజు చెప్పబోయేవి ఆ శనివారం పాఠాలే.

విషయం ఏమిటంటే, పటాల మీద దారులు వెతకడం ఎలాగో నేర్పే నోట్‌బుక్‌లను మన ఇంట్లో మనమే అమర్చుకోవడం. ఫోను చెబుతూనే ఉంది కదా, ఇంత శ్రమ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఫోను "ఎడమకు తిరగండి" అంటుంది. ఎందుకు తిరగాలో చెప్పదు. ఎవరి కోసం ఆ దారి దగ్గరదో అసలే చెప్పదు. ఆ రెండు ప్రశ్నలు అడగగలిగే చోటు నోట్‌బుక్. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలిందంతా దానికి ఉదాహరణ.

నోట్‌బుక్ అంటే

చిన్నప్పుడు లెక్కల మాస్టారు జవాబు ఒక్కటే రాస్తే ఒప్పుకునేవారు కాదు. ప్రతి మెట్టూ రాయాలి, లేకపోతే మార్కులు కోసేవారు. కంప్యూటరు నోట్‌బుక్ కూడా అలాంటిదే. అందులో గడులు ఉంటాయి. ఒక గడిలో మామూలు మాటలు రాసుకుంటాం, తెలుగులోనే రాసుకోవచ్చు. తరువాతి గడిలో నాలుగు వరుసల ప్రోగ్రాము రాస్తాం. నడిపిస్తే ఆ గడి కిందే జవాబు కనబడుతుంది. జవాబు ఒక అంకె కావచ్చు, పట్టిక కావచ్చు, వేలితో జరుపుకునే పటం కావచ్చు. ఒక అంకె మార్చి మళ్ళీ నడిపితే పటం మారిపోతుంది.

2001లో ఫెర్నాండో పెరెజ్ అనే భౌతిక శాస్త్ర విద్యార్థి తన పని సులువు చేసుకోవడానికి ఐపైథాన్ మొదలుపెట్టాడు. అదే పెరిగి 2014లో జూపిటర్ అయింది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు కంప్యూటరు భాషల పేర్లు కలిపి పెట్టిన పేరు అది. 2017లో కంప్యూటరు శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం దానికి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం ఇచ్చింది. ఇదంతా ఉచితం.

వంటకు ముందు సరుకులు

అమర్చుకోవడం గురించి నాలుగు మాటలు. పైథాన్, దానితోపాటు జూపిటర్‌ల్యాబ్ కావాలి. పటం తెప్పించి దారుల వలగా మార్చడానికి ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ కావాలి. ఇది జెఫ్ బోయింగ్ అనే పట్టణ ప్రణాళిక ఆచార్యుడు తయారుచేసినది. దారి వెతకడానికి నెట్‌వర్క్‌ఎక్స్. తెర మీద పటం చూపించడానికి ఫోలియమ్. పటం సమాచారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తుంది. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని ప్రపంచమంతటా ఔత్సాహికులే గీస్తున్నారు. వాడుకున్నప్పుడు వారి పేరు చెప్పడం మన ధర్మం, లైసెన్సు షరతు కూడా.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. మొదటిది, ఈ పాఠాలకు విడిగా ఒక ఎన్విరాన్‌మెంటు పెట్టుకోండి. ఆవకాయ జాడీలో మజ్జిగ పోయం కదా! ఆఫీసు పనికి వాడే పైథాన్‌లో ఇవి కలపవద్దు. పటాల సరుకులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి కోండా-ఫోర్జ్ నుంచి తెచ్చుకుంటే తలనొప్పి తక్కువ.

రెండోది, ఏ సరుకు ఏ వెర్షనో ఒక ఫైలులో రాసి పెట్టుకోండి. 2024లో ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ రెండో పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు పాత పద్ధతులు కొన్ని మారాయి. వెర్షన్ రాసి ఉన్న నోట్‌బుక్ రెండేళ్ళ తరువాత కూడా నడుస్తుంది. రాయనిది నడవకపోతే, తప్పు తనదేనేమో అని పిల్లవాడు అనుకుంటాడు.

మూడోది, పటాన్ని ఒక్కసారి దింపుకుని మన కంప్యూటరులో దాచుకోండి. పటం ఇచ్చే సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి. స్థలాల పేర్లు వెతికిపెట్టే నామినాటిమ్ సెకనుకు ఒక ప్రశ్న మించి అడగవద్దని నియమం పెట్టింది. పదిమంది పిల్లలు ఒకేసారి ఒకే ఊరు దింపడం మర్యాద కాదు. ఒకరు దింపి, ఫైలు అందరికీ పంచితే చాలు. ఇంటర్నెట్టు లేని కమ్యూనిటీ హాల్లో కూడా పాఠం సాగుతుంది.

ఇంట్లో ఏమీ పెట్టుకోలేని వారికి గూగుల్ కోలాబ్ ఉంది, బైండర్ ఉంది. బ్రౌజరు తెరిస్తే చాలు. ఏదైనా సంస్థ దారుల సేవ వాడుకోవడానికి రహస్య తాళం ఇస్తే, దాన్ని మాత్రం నోట్‌బుక్‌లో రాయకండి. నోట్‌బుక్ పదిమందికీ పంచేది. ఇంటి తాళం గుమ్మానికి వేలాడదీయం కదా.

స్టేషను నుంచి ఆసుపత్రికి

ఇప్పుడు కిల్కెన్నీ పటం తెరుద్దాం. ఊరిని నోర్ నది రెండుగా చీలుస్తుంది. రైలు స్టేషను తూర్పు ఒడ్డున, సెయింట్ లూక్స్ ఆసుపత్రి పడమటి ఒడ్డున ఫ్రెష్‌ఫోర్డ్ రోడ్డులో. మా వాళ్ళలో కొందరు రోజూ డ్యూటీకి వెళ్ళేది అక్కడికే కాబట్టి పిల్లలు ఈ ఉదాహరణను తమదిగా తీసుకుంటారు. నది దాటాలంటే ఊరి నడిబొడ్డున 1910లో కట్టిన జాన్స్ బ్రిడ్జి ఉంది. ఉత్తరాన గ్రీన్స్ బ్రిడ్జి ఉంది. 1763 వరదలో పాతది కొట్టుకుపోయాక కట్టారు దాన్ని. దానికి దగ్గరలోనే 2017లో తెరిచిన సెయింట్ ఫ్రాన్సిస్ బ్రిడ్జి. వీటికి తోడు 2014లో తెరిచిన లేడీ డెసార్ట్ బ్రిడ్జి. దాని మీద కార్లు వెళ్ళవు.

కంప్యూటరుకు ఊరు అంటే కూడళ్ళు, కూడళ్ళను కలిపే దారి ముక్కలు. ప్రతి ముక్కకూ ఒక పొడవు. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ వంతెనల చిక్కును విప్పింది ఊరిని ఇలా చూసే. స్టేషను దగ్గరి కూడలి, ఆసుపత్రి దగ్గరి కూడలి ఇచ్చి దారి అడుగుతాం. ఎర్ర గీత వస్తుంది. అప్పుడు పిల్లలతో అంటాను: "సెయింట్ ఫ్రాన్సిస్ బ్రిడ్జిని చెరిపేయండి." ఒక గడిలో ఒక వరుస మారుస్తారు. గీత మిగిలిన వంతెనల వైపు మళ్ళుతుంది. తరువాత గ్రీన్స్ బ్రిడ్జిని కూడా తీసేయమంటాను. మళ్ళీ గీత కదులుతుంది, పొడవు మారుతుంది. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్ళకు, గోదావరి లంకల్లో పెరిగినవాళ్ళకు వంతెన విలువ వేరే చెప్పనక్కర లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ విలువ ఈ ఎర్ర గీత చెబుతుంది.

తరువాత కారు దారుల వల తీసేసి నడక దారుల వల వేస్తాం. అప్పుడు లేడీ డెసార్ట్ వంతెన ప్రత్యక్షమవుతుంది. అదే ఊరు, అదే నది, కానీ కారుకు ఒక ఊరు, కాళ్ళకు ఇంకో ఊరు. 2017కు ముందు దింపి దాచుకున్న పటమైతే అందులో సెయింట్ ఫ్రాన్సిస్ బ్రిడ్జి మీద దారే ఉండదు. అందుకే పటం ఏ తేదీన దింపామో నోట్‌బుక్ మొదటి గడిలోనే రాయిస్తాను.

కాలువ నీళ్ళ లెక్క

అసలు కంప్యూటరు దగ్గర దారి ఎలా కనుక్కుంటుంది? 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి యువకుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో ఈ పద్ధతి ఆలోచించాడు. 1959లో అచ్చు వేశాడు. ఫోనుల్లో దారి చెప్పే ప్రోగ్రాముల పునాదుల్లో ఇప్పటికీ ఆ ఆలోచన ఉంది.

దాన్ని నేను పిల్లలకు ఇలా చెబుతాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్ళు వదిలారనుకోండి. నీరు అన్ని కాలువల్లోనూ ఒకే వేగంతో పోతున్నదనుకుందాం. ముందు దగ్గరి తూముకు చేరుతుంది, తరువాత దాని పక్క తూముకు. మీ చేనికి నీరు మొదటిసారి ఏ కాలువ గుండా వచ్చిందో అదే దగ్గర దారి. తరువాత వేరే కాలువలో నీరు వచ్చినా అప్పటికి చేను తడిసే ఉంటుంది. డైక్‌స్ట్రా పద్ధతి అంతే. 1968లో వచ్చిన ఏ-స్టార్ పద్ధతి నీటికి చేను ఏ దిక్కున ఉందో కూడా చెప్పి, అవసరం లేని వైపు పారకుండా ఆపుతుంది. నోట్‌బుక్‌లో ఒక్కో అడుగుకీ తడిసిన కూడళ్ళకు రంగు వేస్తూ పోవచ్చు. పిల్లలు కేరింతలు కొట్టే గడి అదే.

ఎవరికి దగ్గర?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మన తల్లిదండ్రులు వేసవిలో మూడు నెలలు ఉండి వెళ్ళడానికి వస్తారు. పగలు మనం ఆఫీసుల్లో, పిల్లలు బడిలో. వాళ్ళు ఒంటరిగా బయటికి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర, భాష అంతంత మాత్రం. కిల్కెన్నీలో హై స్ట్రీట్ నుంచి కీరన్ స్ట్రీట్‌కు బటర్ స్లిప్ అనే సందు ఉంది. 1616 నాటిది. ఒకప్పుడు వెన్న అమ్మేవాళ్ళు కూర్చునే చోటు కాబట్టి ఆ పేరు. చాలా అందమైన సందు, దగ్గర దారి కూడా. కానీ మెట్లు ఉన్నాయి. కెథీడ్రల్ దగ్గర కూడా పాత రాతి మెట్ల దారి ఉంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి అది దగ్గర దారి. మా అమ్మకు అది దారే కాదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మెట్లకు వేరే గుర్తు ఉంటుంది. నోట్‌బుక్‌లో ఒక గడి తెరిచి, మెట్లున్న ప్రతి ముక్క పొడవునూ ఇరవై రెట్లు పెంచమని రాస్తాం. ఇరవై అన్నది శాస్త్రం కాదు, మా అమ్మ మోకాలు చెప్పిన లెక్క. మళ్ళీ నడిపితే గీత మెట్లను తప్పించుకుని చుట్టూ తిరిగి వెళుతుంది. కొంచెం ఎక్కువ దూరం, కానీ ఆమె వెళ్ళగలిగే దారి. ఆ పటాన్ని పెద్ద అక్షరాలతో, తెలుగు పేర్లతో అచ్చు వేసి చేతికి ఇచ్చాం. ఆ వేసవిలో ఆమె నది ఒడ్డు దాకా ఒక్కతే వెళ్ళి వచ్చింది. ఇంటికి వచ్చి, "మీ ఊళ్ళో బాతులు బాగా బలిసి ఉన్నాయి" అంది. మూడు నెలల్లో ఇంట్లోవాళ్ళు చెప్పనిది ఏదైనా ఆమె మాకు చెప్పిన మొదటి కబురు అది.

ఆ రోజు పాఠం విన్న పదకొండేళ్ళ పాప ఒక ప్రశ్న అడిగింది: "మరి ఫోను దారి చెప్పేటప్పుడు ఎవరి మోకాళ్ళు అనుకుని చెబుతుంది అంకుల్?" నేను ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. దారి చూపే ప్రతి ప్రోగ్రాములోనూ ఎవరో ఒక మనిషిని ఊహించుకుని అంకెలు వేసి ఉంటారు. ఆ అంకెలు మనకు కనబడవు. నోట్‌బుక్‌లో కనబడతాయి, మార్చుకోవచ్చు. రాత్రి డ్యూటీ దిగి నడిచి వచ్చే అమ్మాయి దీపాలున్న వీధికి ఎక్కువ విలువ ఇవ్వవచ్చు. చంటిబిడ్డ బండి తోసుకెళ్ళే తల్లి రాళ్ళు పరచిన వీధిని తప్పించవచ్చు.

అంకెలు తారుమారైతే

పిల్లలకు తప్పకుండా చూపించే సరదా పాఠం ఇంకొకటి ఉంది. కిల్కెన్నీ అక్షాంశం సుమారు 52.65, రేఖాంశం మైనస్ 7.25. ఫోలియమ్‌కు అక్షాంశం ముందు ఇవ్వాలి. జియోజేసన్ అనే ఫైళ్ళలో రేఖాంశం ముందు ఉంటుంది. రెండూ తారుమారు చేస్తే కిల్కెన్నీ పోయి సీషెల్స్ దీవుల దగ్గర హిందూ మహాసముద్రంలో తేలుతుంది. మైనస్ మరచిపోతే జర్మనీలో, నెదర్లాండ్స్ సరిహద్దు పక్కన దిగుతుంది. హైదరాబాదు అంకెలు తారుమారు చేస్తే ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో చార్మినార్ వెలుస్తుంది!

అలాగే డిగ్రీలను దూరాలనుకోకూడదు. ఒక డిగ్రీ రేఖాంశం హైదరాబాదు దగ్గర సుమారు 106 కిలోమీటర్లు, కిల్కెన్నీ దగ్గర సుమారు 67 కిలోమీటర్లే. భూమి గుండ్రం కాబట్టి. దూరం కొలిచే ముందు పటాన్ని మీటర్ల కొలతలోకి మార్చుకోవాలి. ఇంకొక అలవాటు: పాఠం అయ్యాక నోట్‌బుక్‌ను మొదటి నుంచి చివరికి వరుసగా మళ్ళీ నడిపి చూడండి. గడులను ముందువెనకలుగా నడిపితే, చెరిపేసిన గడి జవాబు కూడా కంప్యూటరు జ్ఞాపకంలో ఉండిపోయి మోసం చేస్తుంది.

ఊరి పేరు మార్చి చూడండి

ఈ నోట్‌బుక్‌లో మొదటి గడిలో "కిల్కెన్నీ" అని ఉన్నచోట మీ సొంత ఊరి పేరు రాసి నడిపించండి. మా శనివారం పిల్లలు ఒక్కొక్కరూ తాతగారి ఊరు రాశారు. కొన్ని పట్టణాలు చక్కగా వచ్చాయి. కొన్ని పల్లెలకు మాత్రం ఒక తారు రోడ్డు, ఒక చుక్క వచ్చాయి. వీధులు లేవు, చెరువు గట్టు లేదు, రామాలయం లేదు. పటంలో లేని దారి ప్రోగ్రాముకు లేనట్టే. డైక్‌స్ట్రా దిగివచ్చినా చూపలేడు.

ఈ సందర్భంలో కిల్కెన్నీ జిల్లా మనిషి ఒకరిని తలచుకోవాలి. జాన్ ఓడొనవన్, 1806లో అక్కడి ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. 1824లో ఐర్లండులో ఆర్డ్నెన్స్ సర్వే మొదలైంది. 1830 నుంచి ఓడొనవన్ ఆ సర్వేకు స్థలాల పేర్లు సేకరించే పనిలో చేరాడు. ఊరూరా నడిచాడు. ముసలివాళ్ళను కూర్చోబెట్టి ఈ గుట్టను ఏమంటారు, ఈ బీడును ఏమంటారు, ఎందుకంటారు అని అడిగి రాసుకున్నాడు. ఐరిష్ భాష మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్న కాలం అది. ఆ పేర్లలో ఎన్నిటికి అర్థం నిలిచిందో, అంతా ఆయన చలవే. పటం మీద ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడంలో పేర్ల రూపం చెడిందన్న బాధ కూడా ఐర్లండులో ఉంది. మనకూ అది తెలిసిన బాధే. బెజవాడ, కాకినాడ, ఏలూరు, మచిలీపట్నం దొరల పటాల్లో ఏ రూపాలు ధరించాయో పెద్దవారికి గుర్తుంటుంది.

ఆ సర్వేకూ మన నేలకూ చుట్టరికం ఉంది. ఐర్లండు సర్వేకు థామస్ కోల్బీ తయారుచేయించిన కొలత కడ్డీల వంటివే 1830లో జార్జి ఎవరెస్టు వెంట భారతదేశానికి వచ్చాయి. ఎవరెస్టు అంతకు ముందే 1818లో హైదరాబాదు చేరి లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాలతో కొలతలు తీసినవాడు. ఆ పటాలు ప్రభుత్వాల కోసం. ఇప్పటి పటం మనమే గీసుకునేది. ఐర్లండులో టౌన్‌లాండ్లని చిన్న చిన్న భూభాగాలు 61 వేల దాకా ఉన్నాయి. వాటి హద్దులన్నిటినీ ఔత్సాహికులు పాత పటాలు ముందుపెట్టుకుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించి 2018లో పూర్తిచేశారు. జీతాలు లేవు. తీరిక వేళల్లో చేశారు.

వాళ్ళు చేయగలిగినది మనం చేయలేమా? బండి దారిని గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, గుంటూరు వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. కిల్కెన్నీవాళ్ళు స్లిప్ అన్న తమ మాటను నాలుగు వందల ఏళ్ళు కాపాడుకుని బోర్డు మీద రాసుకున్నారు. మన పుంతల పేర్లు ఎవరి నోట ఉన్నాయి? డెబ్భై, ఎనభై ఏళ్ళు దాటినవాళ్ళ నోట ఉన్నాయి. ప్రతి ఏడాదీ ఆ నోళ్ళు కొన్ని మూతపడుతున్నాయి. నోట్‌బుక్ చెడిపోతే మళ్ళీ అమర్చుకోవచ్చు. ఆ పేర్లను మళ్ళీ అమర్చుకోలేం.

కాబట్టి ఈ సభలో నేను కోరేది రెండే. ఇంటికి వెళ్ళాక పిల్లలతో కూర్చుని ఒక నోట్‌బుక్ అమర్చండి. మీరు ఉండే ఊరితో మొదలుపెట్టండి. మెట్లు, వంతెనలు, బడి దారి, ఏదైనా సరే. వాళ్ళకు కంప్యూటరు వస్తుంది, మీకు వాళ్ళతో గడిపే సాయంత్రం దొరుకుతుంది.

రెండోది, వచ్చేసారి ఊరు వెళ్ళినప్పుడు ఒక్క ఉదయం తాతగారితోనో, పెద్దమ్మతోనో పిల్లలను నడిపించండి. ఫోనులో దారి నమోదు చేయమనండి. ప్రతి మలుపు దగ్గరా పేరు అడగమనండి. ఆ పేర్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు అక్షరాలతో ఎక్కించండి. తెలుగు పేరుకు అందులో ప్రత్యేకంగా చోటు ఉంది. వేరే కంపెనీల పటాలు చూసి నకలు చేయకండి, అది నిషిద్ధం. ఇళ్ళ మీద మనుషుల పేర్లు రాయకండి, అది మర్యాద కాదు. కాళ్ళతో నడిచి, చెవులతో విన్నదే రాయండి. తిరిగి వచ్చాక ఆ ఊరి పేరుతో నోట్‌బుక్ మళ్ళీ నడపండి. మొన్న చుక్క ఉన్నచోట వీధులు వస్తాయి. చెరువు గట్టు మీదుగా గుడికి ఎర్ర గీత వస్తుంది. ఆ దారి మీ పాప వేసినది, పేరు మీ నాన్నగారు చెప్పినది.

ప్రశ్నలు ఉంటే అడగండి. పక్క హాల్లో పాటలు ఇంకా అవలేదనుకుంటాను, వెళ్ళాలనుకునేవారికి దగ్గర దారి ఎడమవైపు తలుపు. మోకాళ్ళ నొప్పులున్నవారు కుడివైపు తలుపు గుండా వెళ్ళండి, అటు మెట్లు లేవు.